టెంక అడ్డుపడితే నూనె పట్టకండి

సంపాదకులకు,

మామిడిపళ్లు రాలే రోజుల్లోనూ, తర్వాత శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్లు పడేటప్పుడూ కోనసీమలో ఆవులకీ గేదెలకీ టెంక గొంతుకు అడ్డం పడటం మామూలే. పక్కనున్న వాళ్లు వెంటనే ఇచ్చే సలహా ఒకటే: ‘నూనె పట్టండి, జారిపోతుంది’. మూసుకుపోయిన గొట్టంలోంచి నూనె ఎటు దిగుతుంది? వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టెంక బయటపడ్డాక కూడా గొడ్డు న్యుమోనియాతో పోవచ్చు. వెదురుకర్రతో తోయడం ఇంకా ఘోరం. అన్నవాహిక చిరిగితే దక్కడం కష్టం.

మేస్తున్న పశువు ఉన్నట్టుండి మెడ చాచి నిలబడుతుంది. చొంగ తాడులా వేలాడుతుంది, తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తాయి. త్రేన్పు రాక గ్యాసు నిండి ఎడమ డొక్క డప్పులా బిగుస్తుంది. గంటల్లో చంపేది టెంక కాదు, ఈ ఉబ్బరం. అందుకే ముందు డొక్క సంగతి చూడాలి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య పల్లంలో పశువైద్యుడు ట్రోకార్ (గొట్టం తొడిగిన మొనదేలిన పొడుచుకర్ర లాంటి పరికరం) దించి, గ్యాసును ఒక్కసారిగా కాకుండా మెల్లగా వదులుతాడు. గొట్టాన్ని అక్కడే కుట్టి ఉంచితే తొందర తీరిపోతుంది. కొన్నిసార్లు కండరాల బిగువు సడలి టెంక తనంతట తానే లోపలికి దిగుతుంది కూడా.

మెడలో ఆగిందా, ఛాతీలోనా అన్నది చూసుకోవాలి. మెడలో అన్నవాహిక ఎడమవైపు నడుస్తుంది కాబట్టి అక్కడ తడిమితే గడ్డ చేతికి తగులుతుంది. దాని కిందినుంచి రెండు వైపులా బొటనవేళ్లతో నొక్కుతూ మెల్లగా గొంతువైపు పైకి తేవాలి. ఇంకొకరు నోట్లో గాగ్ (నోరు మూసుకోకుండా తెరిచి ఉంచే పరికరం) పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి అందుకోవాలి. గాగ్ లేకుండా చెయ్యి పెడితే దవడపళ్లు వేళ్లను నలిపేస్తాయి. పిచ్చికుక్క కరిచిన పశువు కూడా ఇలాగే చొంగ కారుస్తుంది, మింగలేదు. కనుక గ్లౌజు లేకుండా నోరు ముట్టుకోవద్దు.

ఛాతీలో ఆగితే చేతికి అందదు. కండరాలు సడలే ఇంజెక్షన్ ఇచ్చి, జారుడు జెల్ పూసిన గొట్టాన్ని నోటిగుండా దించి, పొట్టలోకి నెమ్మదిగా నెట్టాలి. కదలకపోతే బలం చూపించకూడదు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. అలాగని రోజులు గడపకూడదు. టెంక ఒత్తిన చోట 24 గంటలు దాటేకొద్దీ లోపలి పొర కుళ్లే ప్రమాదం పెరుగుతుంది. మత్తుకిచ్చే జైలజిన్ మందు గుర్రానికిచ్చే మోతాదులో పదో వంతే ఆవుకు సరిపోతుంది. పైగా అది ఉబ్బరాన్ని పెంచుతుంది, చివరి నెలల చూడిపశువుకి పనికిరాదు.

టెంక తీశాక రెండు మూడు రోజులు ఎండుగడ్డి మాని లేత పచ్చగడ్డి, పలచని జావ పెట్టాలి. పళ్లచెట్ల కింద కట్టేసే వాళ్లు తాడు కురచ చేయాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేసినప్పుడు ఉత్త ‘ఉబ్బరం’ అని కాకుండా ‘గొంతుకు అడ్డం పడింది, డొక్క ఉబ్బింది’ అని చెప్పండి. అప్పుడు వచ్చేవాళ్లు ట్రోకార్, గొట్టం, గాగ్ సిద్ధం చేసుకునే వస్తారు.

— పశువైద్యులు, అమలాపురం