సంక్రాంతి ఆర్డర్లకు ముందు, షుగరు ఉన్న ఇళ్లకు ఒక మాట

సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యాయి. ఈసారి ఫోను చేస్తున్నవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "మా నాన్నగారికి షుగరండి. ఆయనకు విడిగా ఒక డబ్బా షుగర్ ఫ్రీ అరిసెలు కట్టగలరా?" ఒక్కొక్కరికీ వేరువేరుగా చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను. అలాంటి అరిసెలు మేము చేయడం లేదు. తీపి తగ్గించి చేస్తున్నవి కొన్ని ఉన్నాయి గానీ, వాటి మీద కూడా "షుగర్ ఫ్రీ" అన్న చీటీ ఉండదు.

ముందు అరిసె సంగతి. రాత్రంతా నానిన బియ్యం, తడి ఆరకముందే పట్టించిన పిండి, బెల్లం పాకం. ఆ పిండిని పట్టి ఉంచేది పాకమే. పంచదారకు బదులు వాడే స్టీవియా అనే ఆకు సారం వేస్తే తీపి వస్తుంది, పాకం రాదు. పాకం లేని పిండి నూనెలో పడగానే విడిపోతుంది. మా దగ్గర పాకం చూసేది మా అత్తగారు. పళ్లెంలో నీళ్లు పోసి, అందులో ఒక చుక్క పాకం వేసి, రెండు వేళ్ల మధ్య అది మెత్తని ఉండగా చుట్టుకుంటే "ఇక దించు" అంటారు. ఆ వేళ్లను మాత్రం నోటి దాకా పోనివ్వరు. ఆవిడకూ షుగరే. ఒకవేళ బెల్లం లేకుండా అరిసె నిలిచినా, బియ్యప్పిండి ఎక్కడికి పోతుంది? అదీ ఒంట్లో గ్లూకోజుగానే మారుతుంది.

"బెల్లమే కదా, పంచదార కాదుగా" అనేవాళ్లకు కూడా ఇక్కడే చెప్పేస్తాను. బెల్లంలో ఇనుము, ఇతర లవణాలు కాస్త ఉంటాయి, నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. రక్తంలో షుగరు పెంచడంలో రెండూ దొందూ దొందే. తాటి బెల్లం కూడా అంతే. ఎండు ఖర్జూరంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు చక్కెరలే ఉంటాయి, తేనెలో ఇంకా ఎక్కువ. ఖర్జూరం లడ్డు మీద లాభం బాగానే వస్తుంది, అమ్ముతూనే ఉంటాను కూడా, కానీ షుగరు ఉన్నవాళ్లకు మంచిదని చెప్పి అమ్మను.

ఇక మేము చేయగలిగినవి. తీపి లేకపోతే కూలిపోయే మిఠాయిలు కొన్ని, తీపి తగ్గినా నిలబడేవి కొన్ని. సున్నుండలు రెండో రకం, వాటిని పట్టి ఉంచేది నెయ్యి. మామూలుగా మినప సున్ని ఎంతో బెల్లమూ అంతే వేస్తాం. తక్కువ తీపి రకానికి కిలో సున్నికి 400 గ్రాములే వేస్తున్నాం. మామూలు ఉండ 40 గ్రాములుంటే ఇది 20 గ్రాములు. మా కొలతల ప్రకారం పెద్ద ఉండలో బెల్లం సుమారు 16 గ్రాములు, చిన్నదానిలో నాలుగు. దీనికి మినుముల్లోని పిండిపదార్థం అదనం, కాబట్టి ఒకటి తిని ఆపాలి. నాలుగు చిన్నవి తింటే పెద్దది తిన్నట్టే, నెయ్యి సంగతి చెప్పనే అక్కర్లేదు. బెల్లం తగ్గిన ఉండకు అంచులు విరుగుతాయి. నెయ్యి వేడి మీదుండగానే గట్టిగా నొక్కి చుట్టినా పగుళ్లు వస్తున్నాయి. అందుకని వీటిని అమెరికా పార్శిళ్లలో పెట్టడం లేదు. పెడితే అక్కడ డబ్బా తెరిచేసరికి పొడే ఉంటుంది.

పూతరేకులకు పాకంతో పని లేదు. ఆత్రేయపురం నుంచి తెప్పించే రేకుల మధ్య సగం బెల్లం తగ్గించి, ఆ చోట జీడిపప్పు, బాదం పలుకులు చల్లుతున్నాం.

కోవా విషయంలో జాగ్రత్త. పంచదార వేయని కోవా చేస్తున్నాం, కానీ పాలలోనే లాక్టోజ్ అనే చక్కెర ఉంది. కిలో కోవాకు దాదాపు ఐదు లీటర్ల గేదె పాలు ఇగురుతాయి. లీటరుకు 50 గ్రాముల చొప్పున లెక్కేస్తే, బయటి నుంచి చెంచా పంచదార వేయకపోయినా ఆ కిలోలో 250 గ్రాముల చక్కెర ఉన్నట్టే. 2018 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం 100 గ్రాముల్లో అర గ్రాముకు మించి చక్కెరలుంటే షుగర్ ఫ్రీ అని రాయకూడదు. మా చీటీ మీద ఆ మాట ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది కదా.

పంచదారకు బదులు వాడేవాటినీ పరీక్షించాం. ఎరిత్రిటాల్ కలిపిన సున్నుండ తింటే నాలుక మీద పిప్పరమెంటు బిళ్ల పెట్టినట్టు చల్లగా తగిలింది. స్టీవియా చివర్లో చేదు వదిలింది. మాల్టిటాల్ రుచి పంచదారకు దగ్గరే, కానీ అది కొంత షుగరు పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు కదులుతుంది. పిల్లలూ పెద్దలూ ఒకే డబ్బాలో చేయి పెట్టే పండగ రోజుల్లో వీటిని వాడడం నాకిష్టం లేకపోయింది.

ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లకు పండగ పనుల్లో భోజనం ఆలస్యమై షుగరు పడిపోతే, చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే, మా తక్కువ తీపి సున్నుండ పెట్టకండి. నెయ్యి వల్ల అది నెమ్మదిగా అరుగుతుంది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

విడి డబ్బా గురించి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని తేల్చింది. రాజమండ్రిలో మా వీధి ఒక్కటి చూసినా ఆ లెక్క నమ్మబుద్ధేస్తుంది. అయినా "షుగరు వాళ్ల డబ్బా" అని వేరుగా పెట్టేసరికి మా అత్తగారు అసలు దాని జోలికే వెళ్లరు, అందరూ చూస్తుండగా పెద్ద అరిసే తీసుకుంటారు. అందుకే ఈ ఏడు అన్ని డబ్బాల్లోనూ అరిసెలు అరచేతిలో సగానికి సరిపోయేంత చిన్నవిగా వస్తున్నాయి. పాత సైజే కావాలంటే ఆర్డరులో చెప్పండి, చేస్తాం.

ధర మాట. తక్కువ తీపి సున్నుండలు కిలోకు 80 రూపాయలు ఎక్కువ. తీపి తగ్గించి డబ్బులు పెంచారేమిటని నిన్న ఒకరు అడిగారు. మూడు సరుకుల్లో చవకైనది బెల్లమే. అది తగ్గితే కిలోలో మినుములు, నెయ్యి వాటా పెరుగుతుంది, చిన్న ఉండలు చుట్టేవాళ్లకు చాకిరీ కూడా పెరుగుతుంది.

ఆర్డర్లు భోగికి నాలుగు రోజుల ముందు వరకే. పంచదార లేని కోవా నిలవ ఉండదు కాబట్టి భోగి నాడు ఉదయమే వచ్చి తీసుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయండి, కనుమ దాకా దాచవద్దు.