రవికి: మాత్ర ఉచితమే, మరి పప్పు?

రవీ,

నీ ఉత్తరం అందింది. మీ మండలంలో పదిమంది టీబీ పేషెంట్లకు నిక్షయ్ మిత్రగా, అంటే సర్కారు టీబీ పథకంలో రోగులకు తిండి సాయం చేసే దాతగా, ఆరు నెలలు సరుకులిద్దామనుకుంటున్నావు, కిట్టులో ఏం పెట్టాలని అడిగావు. మంచి పనిరా. కాకపోతే నాలుగు బత్తాయిలు, బిస్కెట్ ప్యాకెట్టు పెట్టి ఫోటో దిగే బాపతు కిట్టు మాత్రం వద్దు.

ముందు ఝార్ఖండ్ సంగతి చూడు. 2019 నుంచి 2022 దాకా అక్కడ నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులతో ‘రేషన్స్’ అనే పరిశోధన జరిగింది. మంగళూరు యెనెపోయ మెడికల్ కాలేజీకి చెందిన అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ దీని వెనకున్నారు. రోగులందరికీ నెలకు 5 కిలోల బియ్యం, 3 కిలోల వేయించిన శనగపిండి, కిలోన్నర పాలపొడి, అరకిలో నూనె ఇచ్చారు. అంటే రోజుకు 1,200 కేలరీలు, 52 గ్రాముల ప్రొటీన్. అసలు కిటుకు ఇక్కడుంది: సగం ఇళ్లలో మిగతావాళ్లకు కూడా తలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు అందాయి. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇక రోగుల్లో, మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. నలభై కిలోల మనిషికి అది రెండు కిలోలే!

మందు అందరికీ ఒకటే కదా, తేడా ఎక్కడొస్తుందంటావా? మనిషి చిక్కిపోతే ఒంట్లో అణిగి ఉన్న క్రిమిని ఆపే శక్తి తగ్గుతుంది. కిటికీ లేని ఒకే గదిలో ఆరుగురు పడుకుంటే క్రిమి అందరికీ చేరుతుంది. కూలిమనిషి మూడు వారాలు దగ్గినా ఆసుపత్రికి వెళ్లడు, వెళ్తే ఆ పూట కూలి పోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్పుతో, యాంటీబయాటిక్‌తో ఇంకో నెల గడుస్తుంది. ఈలోపు ఇంట్లో పిల్లలు ఆ గాలే పీలుస్తుంటారు.

అందుకే కిట్టు రోగి ఒక్కడికే లెక్కేసి ఇవ్వకు, అది ఇంటిల్లిపాదీ తింటారు. తినకుండా దాచుకోమని ఏ తల్లికైనా చెప్పగలమా? పేషెంటు కోడలైతే మరీ కష్టం: అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చారునీళ్లే ఆమె కంచంలోకి వస్తాయి. ఆమె వాటా పల్లీలు, శనగపిండి, పాలపొడి విడిగా డబ్బాలో ఉంచి, ఎవరి కోసమో అత్తగారికే చెప్పు. రేషన్ బియ్యం ఎలాగూ వస్తుంది గనక నీ డబ్బులో ఎక్కువ భాగం కందిపప్పుకి, గుడ్లకి, పల్లీలకి, నూనెకి పెట్టు.

సరుకులకంటే ముందు కొనాల్సింది కాటా. మొదటి రోజు బరువు, ఆపైన నెలనెలా బరువు చీటీ మీద రాయి. మాత్రల సంఖ్య కూడా బరువును బట్టే: 35–49 కిలోలకు రోజుకు మూడు, 50–64కు నాలుగు. మొదటి రెండు నెలలూ నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. రెండు నెలలకూ బరువు కదలకపోతే పీహెచ్‌సీలో చెప్పు. షుగర్, తాగుడు, మాత్రలు మానేయడం, మందులకు లొంగని మొండి టీబీ, వీటిలో ఏదో ఒకటి ఉండొచ్చు. ఈ మాత్రల వల్ల మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే భయపడి మానేసేవాళ్లుంటారు. కళ్లు పచ్చబడితే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

సర్కారు డబ్బు సంగతొకటి. రోగి తిండి కోసం 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి, మూడేసి వేల చొప్పున రెండు విడతల్లో ఖాతాలో పడాలి. ఆధార్ లింకు లేకనో, ఖాతా మూలపడో ఆగిపోతుంది. మరీ అవసరమున్నవాళ్లకే ఎక్కువగా ఆగుతుంది, అదే నాకు మండే విషయం. పాస్‌బుక్కులు తెప్పించి ఒకసారి చూడు. ఇటుక బట్టీలకో, హైదరాబాద్‌కో వలసపోయేవాళ్లుంటే బయల్దేరేలోపే నిక్షయ్ ఐడీ, అంటే సర్కారు టీబీ రికార్డులో రోగి నంబరు, కాగితం మీద రాసి చేతికివ్వు, అక్కడి పీహెచ్‌సీకి మార్పించుకుంటే మాత్రలు ఆగవు.

పదిమంది బరువులూ, ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాసి పంపు, ఒక్కో ఇంటికి ఎన్ని కిలోలో లెక్క కట్టి పంపిస్తాను.

నీ
శీను