అంత దూరం నుంచి వచ్చినవాడికి అప్పన్నని ఎలా చూపించను?

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చుని, మూడుసార్లూ అర పేజీ రాసి చింపేశాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి గానీ కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగా వచ్చింది. పేపర్లో చిన్నక్షరాలు కూడా చదివేస్తోంది. పిల్లాడు బెంగళూరులోనే ఉన్నాడు. ఇక నీ ప్రశ్న దగ్గరికి వస్తాను.

1977లో అమెరికావాళ్లు అంతరిక్షంలోకి పంపిన రెండు వాయేజర్ నౌకల గురించి నువ్వు రాసింది చదివాక ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. బంగారు పూత పూసిన రాగి రికార్డు, అందులో 55 భాషల్లో పలకరింపులు, ఆ 55లో మన తెలుగు! మొదటిది 2012లో, రెండోది 2018లో సూర్యుడి గాలి తగిలే మేర దాటిపోయాయన్నావు కదా. ఆ చీకట్లో మన భాషలో ఒక నమస్తే పోతూ ఉందంటే ఒళ్లు గగుర్పొడిచింది. యుద్ధాలు, పేదరికం, మతాలు, వీటి బొమ్మలు మాత్రం కావాలనే పెట్టలేదని రాశావు. "అది ఎవడికో దొరికి, వాడు వెతుక్కుంటూ వచ్చి మీ వైజాగ్‌లోనే దిగాడనుకో. సింహాచలం కొండ చుట్టూ జనం చెప్పుల్లేకుండా నడుస్తుంటే చూసి 'వీళ్లు ఏం చేస్తున్నారు' అని నిన్నే అడిగాడనుకో. తెలివైనవాడు, మనకంటే లెక్కలు బాగా వచ్చినవాడు. ఏం చెబుతావురా? నేను నాస్తికుణ్ణి, నా జవాబు నాకుంది. నీది చెప్పు" అన్నావు.

చింపేసిన కాగితాల్లో మొదటిదాన్ని ఇలా మొదలుపెట్టాను: "ఈ లోకాన్ని చేసినవాడు ఒకడున్నాడని మేం నమ్ముతాం." రాసి చూసుకుంటే అది నా మాట కాదనిపించింది. నేనెప్పుడూ అలా ఆలోచించి గుడికి వెళ్లలేదు. వచ్చినవాడు "ఆధారం ఏది" అంటాడు, నేను వెతుక్కుంటాను, అక్కడితో అయిపోతుంది. పైగా వాణ్ణి భీమిలి రోడ్డులో తొట్లకొండకి తీసుకెళ్లాననుకో, ఆ వాక్యం అక్కడే కూలిపోతుంది. రెండు వేల ఏళ్ల కిందట ఆ కొండ మీద రాతిలో తొట్లు తొలిచి, వాన నీళ్లు పట్టుకుని, సముద్రం కేసి చూస్తూ బతికిన బౌద్ధ భిక్షువులకి సృష్టికర్తతో పనే లేదు కదా.

అప్పుడు ఇంట్లో అమ్మ మాటలు గమనించడం మొదలుపెట్టాను. ఎనభై నాలుగేళ్ల మనిషి, పొద్దున లేస్తే సింహాచలం నరసింహస్వామి, అదే మా అప్పన్న, పేరే. ఆమె నోటి నుంచి "దేవుడు ఉన్నాడు" అన్న మాట నేనెప్పుడూ వినలేదు బావా. ఆమె అనేది "దేవుడున్నాడులే." ఆ చివరి 'లే' చూడు. చిన్నప్పుడు కరెంటు పోయి నేను ఏడిస్తే "నేనున్నానులే" అనేది, అదే గొంతు. ఎవరితోనూ వాదించి గెలవడానికి అన్న మాట కాదది. భయపడ్డవాడి వీపు మీద వేసిన చెయ్యి. వచ్చినవాడికి మన భాష నేర్పాల్సి వస్తే ముందు ఈ 'లే' నేర్పుతాను. దాని అర్థం పట్టుకున్నాడంటే సగం పని అయినట్టే.

రెండోది 'నువ్వు'. పోర్టులో నేను నిన్నగాక మొన్న చేరిన ఆఫీసరు కుర్రాణ్ణి కూడా 'మీరు' అంటాను. మా మావగారిని ముప్పై ఏళ్లుగా 'మీరు' అంటున్నాను. మరి అందరికంటే పెద్దవాడు అనుకున్నవాణ్ణి? "స్వామీ, నువ్వే దిక్కు" అంటాం. "స్వామీ, మీరు కాపాడండి" అని మొక్కుకున్న వాళ్లని నేను చూడలేదు. అమ్మని ఎలా పిలుస్తామో అలా పిలుస్తాం. ఎంత పెద్దవాడైతే అంత దగ్గరితనం ఎందుకో వచ్చినవాడు తప్పకుండా అడుగుతాడు. నా జవాబంతా అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఇక్కడ నాన్న సంగతి రాయాలి. నీకు కొంత తెలుసు, అంతా తెలియదు. గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్లిన రోజు అమ్మ ముడుపు కట్టి, ఆయన లేచి ఇంటికొస్తే కోడెదూడని అప్పన్నకి ఇస్తానని మొక్కుకుంది. నాలుగో రోజున నాన్న పోయారు. కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున చూద్దును కదా, దేవుడి గూట్లో అప్పన్న పటం గోడవైపు తిప్పి ఉంది. ఎవరం ఏమీ అడగలేదు. వారం పైనే అలా ఉంది. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ గొణిగేది: "ఏటయ్యా నీకు నేను సేసిన తప్పు? ఏటి తక్కువ సేసినాను?" ఒకరోజు పొద్దున పటం మళ్లీ ఇటు తిరిగి ఉంది, ముందర దీపం వెలుగుతోంది. అమ్మ నేల మీద కూచుని సానరాయి మీద గంధపు చెక్క అరగదీస్తోంది. చెయ్యి తిరుగుతుంటే రాయి మీద నీళ్లు నెమ్మదిగా చిక్కబడి తెల్లటి ముద్దవుతున్నాయి, ఇల్లంతా ఆ వాసన. నాకు కోపం వచ్చింది. "ఇంకా ఎందుకమ్మా? ఏం చేశాడని?" అన్నాను. చెయ్యి ఆపలేదు. "మీ నాన్న ఎల్లిపోయాడని నీకు అన్నం పెట్టడం మానేసినానా?" అంది.

నువ్వు దీన్ని ఎలా చూస్తావో ఊహించగలను. ఒక ఊహ చేశారు, పరీక్షించారు, తప్పని తేలింది, అయినా వదలలేదు అంటావు. వచ్చినవాడూ అదే అనొచ్చు. కానీ అమ్మ ఏ ఊహా చేయలేదురా. ఆమెకి అప్పటికి అరవై ఏళ్లు, అందులో యాభై ఏళ్లు ఒకరితో రోజూ మాట్లాడింది. అతనితో తగువొచ్చింది. మాటలు మానేసింది. మళ్లీ కలిపింది.

అప్పన్నతో తగువు పడటం మా వైపు కొత్తేమీ కాదు. సింహాద్రి నారసింహ శతకం రాసిన గోగులపాటి కూర్మనాథకవి కథ వినే ఉంటావు. దండు వచ్చి గుడి మీద పడబోతుంటే ఆయన స్వామి ముందు నిలబడి, నీ పౌరుషం ఏమైందని పద్యం మీద పద్యంగా నిలదీశాడు. అప్పుడు తుమ్మెదలు లేచి దండుని తరిమాయని చెబుతారు. తుమ్మెదల మాట నువ్వు ఒప్పుకోకపోయినా సరే. దేవుణ్ణి ముఖం మీదే తిట్టినవాడి పద్యాల్ని భక్తి పద్యాలని దాచుకున్నారు జనం. వచ్చినవాడికి అది చూపించాలి.

చందనం గురించి కూడా చెప్పాలి. ఏడాదిలో ఒక్క అక్షయ తదియ నాడే స్వామి నిజరూపం కనిపిస్తుంది. మిగిలిన రోజులన్నీ చందనపు పూత కింద, శివలింగమా అన్నట్టు ఉంటాడు. ఆ రాత్రి కొండ మీది గంగధార నీళ్లతో వెయ్యిన్నొక్క బిందెల అభిషేకం చేసి మళ్లీ గంధం పూసేస్తారు. విడతకి మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలు, అంటే దాదాపు అర టన్ను గంధం. వచ్చినవాడు అడుగుతాడు: "చూడటానికి వస్తారు, మళ్లీ మీరే కప్పేస్తారా?" అవును నాయనా, ఉగ్రరూపం, చల్లబడాలని పూస్తాం అంటాను. నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చంపిన వేడి ఇంకా తగ్గలేదనీ, ఆ వేడి తగ్గించే పని మనదనీ మా వాళ్ల నమ్మకం. వైశాఖంలో ఇక్కడ ఎండ ఎలా ఉంటుందో నీకు తెలుసు. కాపాడేవాడి ఒంటికే మనం చలవ చేయాలనుకోవడం నాకు ఎంత వయసొచ్చినా పాతబడని సంగతి.

ఒకటి మాత్రం దాటేసి వెళ్లలేను. 2025 ఏప్రిల్ 30న, ఆ అక్షయ తదియ చందనోత్సవం నాడే, తెల్లవారకముందు గాలివానకి గోడ కూలి క్యూలో ఉన్నవాళ్లు ఏడుగురు చనిపోయారు. నిజరూపం చూద్దామని వచ్చినవాళ్లు. వచ్చినవాడు దీని గురించి అడిగితే నా దగ్గర జవాబు లేదు. "అది స్వామి లీల" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. గోడ గట్టిగా కట్టాల్సింది మనుషులు. కానీ సరిగ్గా 70 రోజులకి ఆషాఢ చతుర్దశి వచ్చింది, గిరి ప్రదక్షిణకి లక్షల మంది వచ్చారు. నేనూ వెళ్లాను. ఆ నడక గురించి చెబుతాను, ఎందుకంటే దారి పొడుగునా నీ వాణ్ణి పక్కన పెట్టుకుని నడిచినట్టే ఇప్పుడు అనిపిస్తోంది.

కొండ కింది తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయల్దేరాం. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డుకి. అప్పూఘర్ దగ్గర నీళ్లలో మునిగి మళ్లీ నడక. వెంకోజీపాలెం దాటేసరికి నా అరికాళ్లు పొంగాయి. సీతమ్మధారలో ఒక ఇంటి ముందు ఒకావిడ బకెట్టుతో మజ్జిగ పెట్టుకుని నిలబడింది. గ్లాసు అందిస్తూ నా కాళ్లు చూసి, లోపలికెళ్లి కొబ్బరినూనె సీసా తెచ్చింది. నేను వారిస్తుంటే వినకుండా, "మీరు నడుస్తున్నారు, నేను నడవలేను, ఈ మాత్రం చెయ్యనివ్వండి" అని కూర్చుని కాళ్లకి రాసింది. పేరు అడగలేదు, కులం అడగలేదు. మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, తెల్లారేసరికి మళ్లీ తొలిపావంచా. 32 కిలోమీటర్లు నడిచి బయల్దేరిన చోటికే వచ్చాం. అతను పక్కనే ఉండి ఉంటే "ఇంతకీ ఎక్కడికి వెళ్లాం" అని అడిగేవాడు. ఆ మజ్జిగావిడ ఇంటిదాకా అని చెప్పేవాణ్ణి.

'కులం అడగలేదు' అని రాశాక చెయ్యి ఆగింది. అడిగిన రోజులూ ఉన్నాయి కదా. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆలయ ప్రవేశ చట్టం చేయాల్సి వచ్చింది. 'నువ్వు' అని పిలిచే హక్కు కూడా కొందరికే ఉంచుకుని, మిగతావాళ్లని గడప బయట నిలబెట్టాం. ఈ విషయంలో నీ కోపం న్యాయమైందని నేను హాస్టల్లో ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. వచ్చినవాడికి గుడి గోపురం చూపించి ఇది దాచిపెడితే నేను అబద్ధం చెప్పినట్టే.

ఇంకో మాట. నమ్మేవాళ్లకి లెక్కలు రావని వాడు అనుకోకూడదు. జూన్ 14తో 61 రోజుల వేట నిషేధం అయిపోయాక ఫిషింగ్ హార్బరుకి తీసుకెళ్లి చూపిస్తాను. మరబోటులో జీపీఎస్ ఉంటుంది, చేపల గుంపుని చూపించే యంత్రం ఉంటుంది, బోటు నడిపే సరంగుకి రెండూ కొట్టిన పిండి. అదే సరంగు బోటు ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, గంగమ్మకి దండం పెట్టుకుని బయల్దేరతాడు. చేప ఎక్కడుందో యంత్రం చెబుతుంది. ఒడ్డున నిలబడ్డ పెళ్లాం గుండెల్లో దడ తగ్గించేది వేరే. నేను పని చేసే చోట నుంచి తలెత్తితే పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. కింద ఓడలు లోపలికొచ్చే దారి. ఊరు కట్టినవాళ్లకి ఆ దడ తెలుసు.

అందుకే బావా, నేనైతే ముందు ఏమీ చెప్పను. వాణ్ణే అడుగుతాను: "మీలో ఎవరైనా పోతే మీరేం చేస్తారు? వాళ్లతో మాట్లాడాలనిపిస్తుందా?" లేదు, అసలు మాకు చావే లేదు అన్నాడంటే, నేను ఎంత చెప్పినా వాడికి అందదు, వాడి తప్పూ కాదు. అవునన్నాడంటే, ఇంటికి తీసుకొచ్చి అమ్మ ముందు కూర్చోబెడతాను.

నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపించాను. వాయేజర్లూ నక్షత్రాలూ అన్నీ ఓపిగ్గా వింది. "అమ్మా, అలాంటివాడొచ్చి అప్పన్న ఎవరు అని అడిగితే ఏం చెప్తావు" అన్నాను. కాసేపు ఆలోచించి, "అంత దూరం నుంచొచ్చినాడు, ముందు ఏటైనా తిన్నాడో లేదో అడుగు" అంది.

కవరులో చందనం పొట్లం పెట్టాను, గుళ్లో ఇచ్చిందే. ఎండిపోయి ఉంటుంది, రెండు చుక్కల నీళ్లు వేస్తే వాసన వస్తుంది. బొట్టు పెట్టుకోమని అడగను, వాసన చూడు చాలు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఈసారి ఆషాఢానికి వస్తే సీతమ్మధార దాకా అయినా నాతో నడు. తర్వాత ఆటోలో వెళ్లిపోదువు గాని. ఆ మజ్జిగావిడ ఇల్లు నాకు గుర్తుంది.

నీ
పాత రూమ్మేటు