లక్ష్మణుడు లేచేదాకా

విజయనగరం
శుక్రవారం రాత్రి

ఒరే సూరీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు. దసరా పనులు, చుట్టాలు, రాద్దామని కూర్చుంటే ఎవరో ఒకరు పిలవడం. అమ్మ బాగానే ఉంది, మోకాళ్ళు మామూలే. అప్పకి మళ్ళీ ఆడపిల్ల, అచ్చం మా నాయనమ్మ ముక్కు. మీ మేడ కింద కిళ్ళీకొట్టు తీసీసేరు. అవీ కబుర్లు. ఇంక అసలు సంగతి విను, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

సిరిమాను పండగ ముందురోజు, తొలేళ్ళ రాత్రి, మా పెరట్లో తోలుబొమ్మలాట ఆడేరు! నుయ్యికీ జామచెట్టుకీ మధ్యన, తెల్లారేదాకా!

మొదట్నుంచీ చెప్తాను. పైడితల్లమ్మ జాతరలో పూజారిని పొడుగాటి చింతమాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమానుకి ఊరు ఎలాగుంటుందో నీకు తెలుసు కదా. సోమవారం మధ్యాహ్నానికే గజపతినగరం నుంచి మావయ్యా వాళ్ళు, చీపురుపల్లి నుంచి పిన్నీ వాళ్ళు, వాళ్ళతో బాటు ఊళ్ళో వాళ్ళూ దిగిపోయేరు. ఇల్లు నిండిపోయింది, అరుగు నిండిపోయింది. సాయంత్రం నేను ఊళ్ళోకి వెళ్తే ఒక వేదిక మీద (ఎవరిదో రాయను, రాసి ఏం లాభం) తోలుబొమ్మలాట పెట్టేరు. కాకినాడ దగ్గర మాధవపట్నం నుంచి వచ్చిన మేళం. ముసలాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, ఇంటర్ చదివే మనవడు. అంతే, ఇంటిల్లిపాదీ ఒక మేళం.

కథ లక్ష్మణ మూర్ఛ. అయితే వేదిక ముందు నుంచి రంగురంగుల ఫోకస్ లైట్లు వదిలీసేరురా. తెర వెనక వెలుగు కంటే తెర ముందు వెలుగు ఎక్కువైతే బొమ్మ ఎక్కడ కనిపిస్తుంది? పాలిపోయిన మరకల్లాగ కదులుతున్నాయి. జనం ఫోన్లు చూసుకుంటున్నారు. అయినా ఆవిడ గొంతు మాత్రం వినిపిస్తోంది, ఆ మైకులోంచి కూడా. యుద్ధంలో లక్ష్మణుడు పడిపోయేడు, రాముడు తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుపు మొదలెట్టేడు. సరిగ్గా అప్పుడు నిర్వాహకుడొకడు వచ్చి మైకులో, "ఇంతటితో తోలుబొమ్మలాట ముగిసింది, తర్వాత మన డ్యాన్స్ బేబీలు" అన్నాడు. ముగిసిందేటి? హనుమంతుడింకా బయల్దేరనే లేదు!

నాకు ఒళ్ళు మండిపోయింది. వేదిక వెనక్కి వెళ్ళేను. కొడుకూ మనవడూ బొమ్మలు పెట్టెలో సర్దుతున్నారు. ముసలాయన మాత్రం లక్ష్మణుణ్ణి రెండు చేతుల మీదా అడ్డంగా పడుకోబెట్టుకుని నిలబడ్డాడు. నిలువెత్తు బొమ్మ. నేను పెట్టె మూత ఎత్తి పట్టుకున్నాను, సాయం చేద్దామని. ఆయన తల అడ్డంగా ఊపి, "మూర్ఛలో ఉన్న మనిషిని పెట్టెలో పెట్టకూడదు బాబూ. లేపేకే మూత వెయ్యాలి. మా తాత నాటి నుంచీ అంతే" అన్నాడు. కోపం లేదు, ఏడుపూ లేదు. మామూలుగా చెప్పేడు, అన్నానికి ముందు కాళ్ళు కడుక్కోవాలి అన్నట్టు. మరి ఇప్పుడెలాగ అంటే, బస్టాండులో జాగా దొరికితే అక్కడే రెండు పద్యాలు పాడుకుని లేపీసి వెళ్ళిపోతామన్నాడు.

బస్టాండులో! నాకేం తోచిందో, "మా పెరటికి రండి తాతా" అనీసేను. అమ్మని అడగలేదు కూడా.

రెండు ఆటోల్లో పెట్టే, హార్మోనియం, మద్దెలా, తొక్కుడు చెక్కలూ అన్నీ వచ్చేయి. తెర మాత్రం రాలేదు. వేదిక మీద దానిమీంచి వేరే అలంకారాలు కట్టీసేరుట, పొద్దున్న తీసుకోమన్నారు. పిన్ని దుప్పటి తెచ్చింది, మందంగా ఉంది, పనికిరాదు. అప్పుడు అమ్మ లోపలికి వెళ్ళి, చాలాసేపయ్యేక, నాన్నగారి పొందూరు పంచెలు రెండు తెచ్చి ముసలాయన చేతిలో పెట్టింది. ఆ బీరువా ఆవిడ... సర్లే, నీకు తెలుసు. ఆయన ఒకటి విప్పి మా గుమ్మం లైటుకి ఎదురుగా పట్టి చూసి, "దీనికంటే మంచి తెర మేం పుట్టి ఎరగం తల్లీ" అన్నాడు. రెంటినీ అంచులు కలిపి ఈత ముళ్ళతో గుచ్చి, పందిరి రాటలకి కట్టేడు, పైభాగం జనం వైపు కొంచెం వాలేటట్టు.

మావయ్య బల్బు వేలాడదీస్తానన్నాడు. ముసలాయన, "మీకు నూనె ఉంటే దీపాలు పెట్టండి బాబూ, చిన్నప్పుడు ఆముదం దీపాలకే నేర్చుకున్నాను, ఆ తర్వాత పెట్రోమాక్సులు, తర్వాత బల్బులు" అన్నాడు. దసరాకి కొన్న నువ్వుల నూనె డబ్బా సగం ఉంది. ప్రమిదలు బల్ల మీద వరసగా పెట్టేం.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు, నువ్వు రాసిన వయాంగ్ కులిత్, అదే జావా తోలుబొమ్మలాట, సంగతికి ఇదే నా జవాబు. మీ జావాలో బొమ్మలాడించే దలాంగ్ ఒక్కడే రాత్రంతా కూర్చుని అన్ని గొంతులూ తనే పలుకుతాడని, వాడని బొమ్మల్ని అరటిబోదెకి గుచ్చుతారని, కుడివైపు మంచివాళ్ళు ఎడమవైపు చెడ్డవాళ్ళు అని రాసేవు కదా. మనవాళ్ళు కూర్చోరురా. నిలబడి, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, బొమ్మతో బాటు వాళ్ళూ ఆడతారు. ఆడవేషాలకి ఆడవాళ్ళే పాడతారు. ఇంకో తేడా: మీ గేదెతోలు బొమ్మలకి నీడ నల్లగా, నగిషీ మాత్రం తెల్లగా పడుతుందన్నావు. మనవి మేకతోలు. నానబెట్టి, బొచ్చు గీకి, అద్దంలా తేటపడేదాకా సాగదీసి ఆరబెడతారు. దాంతో రంగు రంగుగానే తెర మీదికి దిగుతుంది. కిరీటంలో ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి వచ్చే వెలుతురు రవ్వలు పొదిగినట్టుంటుంది. బల్బుకి అది కదలదు. దీపానికి వణుకుతుంది. రాముడు ఊపిరి తీస్తున్నాడనిపించింది నాకు, ఒట్టు. లక్ష్మణుడు మాత్రం జింకతోలు, వాళ్ళ తాతగారి నాటివాడట. అప్పట్లో దేవుళ్ళకి జింకతోలే వాడేవారట. ఇప్పుడు జింకని ముట్టుకుంటే జైలు.

నన్ను తెర వెనక ఉండనిచ్చేరు. అక్కడ ఇంకో లోకం! తెర మీద రంగనాథ రామాయణం ద్విపద సాగుతుంటే, వెనక వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు మరాఠీలో కసురుకుంటున్నారు. ఇళ్ళల్లో ఆ భాషేనట, ఎన్నో తరాల కింద అటు నుంచి వచ్చినవాళ్ళు. కోడలు నోట్లో రెండు ముళ్ళు పట్టుకుని, ఒక చేత్తో సుగ్రీవుణ్ణి తెరకి గుచ్చుతూ, ఇంకో చేత్తో తాళం వేస్తోంది. హనుమంతుడు ఎగిరే ఘట్టం వచ్చేసరికి ముసలాయన నావైపు చూసి "తొక్కు బాబూ, తొక్కు!" అన్నాడు. మనవడితో బాటు నేనూ ఎక్కి చెక్కలు తొక్కేనురా! దడదడదడా! నుయ్యి గట్టు అదిరిపోయింది.

మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చేరు. మీ జావా ఆటలో నవ్వించే సెమార్ ఎలాగో మనకి వీళ్ళు. పోలిగాడు కొండకి వెళ్తున్న హనుమంతుణ్ణి ఆపి, "సామీ, సంజీవనితో బాటు ఒక పొడుగాటి చింతచెట్టు కూడా పీక్కురా, వచ్చే ఏడు సిరిమానుకి వెతుక్కోనక్కర్లేదు" అన్నాడు. పెరడంతా గొల్లుమంది. అప్పటికి మా చుట్టాలే కాదు, వీధిలో పడుకున్న పల్లెటూరి వాళ్ళంతా లేచి వచ్చీసేరు. గోడ మీద కూడా జనమే. తొలేళ్ళకి కోట దగ్గర పంచిన విత్తనం గింజలు తువ్వాలు కొంగుకి ముడేసుకుని, ఆ ముడిని పట్టుకునే కూర్చున్నారు రైతులు.

ఇంక లేచిన ఘట్టం. హనుమంతుడు కొండ తెచ్చేడు. ముసలాయన పాట ఆపీసేడు. మద్దెల కూడా ఆగింది. లక్ష్మణుడు తెరకి ముళ్ళతో గుచ్చి ఉన్నాడు కదా, భుజం దగ్గర ఒకటి, నడుం దగ్గర ఒకటి, మోకాలి దగ్గర ఒకటి. ముసలావిడ వచ్చి మోకాలి ముల్లు తీసింది. కాలు కొంచెం కదిలింది. నడుం ముల్లు తీసింది. తెర అవతల నుంచి ఎవరో అవ్వ "లెగు నాయినా, లెగు" అంటోంది. నాటకం అని ఆవిడకి తెలీదేటి? తెలుసు. అయినా అంటోంది. భుజం ముల్లు తీసేసరికి ముసలాయన బద్ద పట్టుకుని ఒక్క విసురు! లక్ష్మణుడు లేచి నిలబడి విల్లు అందుకున్నాడు. పెరడంతా చప్పట్లు, కేకలు. అమ్మ హారతి పళ్ళెం తెచ్చి తెరకి ఇచ్చింది. హారతి పళ్ళెంలో పడ్డ డబ్బులు, మావయ్య ఇచ్చినవీ కలిపితే వేదిక వాళ్ళు ఇచ్చిన దానికంటే ఎక్కువేనట. ఆ మాట మనవడు చెప్పేడు, ముసలాయన వాణ్ణి కసిరేడు.

నాకు ఒకటే బెంగరా. ఆ కుర్రాడు బాగా ఆడతాడు, చెయ్యి మంచిది. అయినా చదువయ్యేక వైజాగ్‌లో ఉద్యోగం చూసుకుంటానన్నాడు. తప్పనలేను. రాత్రంతా ఆడేవాళ్ళకి ఒక పద్యం పూర్తయ్యేంత సమయమైనా ఇవ్వకపోతే వాడెందుకుంటాడు? సంక్రాంతికి మన వీధి కుర్రాళ్ళమంతా చందాలేసుకుని వాళ్ళని మళ్ళీ పిలుద్దామనుకుంటున్నాం, ఈసారి విరాటపర్వం. నువ్వు పంపేది పంపు, మొహమాటం లేదు నీ దగ్గర.

ఇంకోటి. మీ జావా బొమ్మల సంగతి ముసలాయనకి చెప్పేను. అక్కడా రాముడున్నాడంటే మొదట నమ్మలేదు. తర్వాత చాలాసేపు ఆలోచించి, "అక్కడి వాళ్ళు లక్ష్మణుణ్ణి లేపే ఆపుతారా, మధ్యలో ఆపీస్తారా? మీ స్నేహితుణ్ణి కనుక్కోమను బాబూ" అన్నాడు. కనుక్కుని రాయి, మర్చిపోకు, నేను మాటిచ్చీసేను.

కాలనేమి, మొసలి ఘట్టం రాయనే లేదు, దానికే రెండు పేజీలు కావాలి. ఆ మొసలి నోరు ఎలాగ తెరుస్తారనుకున్నావు, కింది దవడకి వేరే పుల్ల కట్టి... ఒరే, మావయ్య కొడుకు బయట హారన్ కొడుతున్నాడు, రైలు టైమైపోయిందట. ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను, హైదరాబాదులో మీ అన్నయ్యకి అందజేస్తాడు. అమ్మ ఉసిరికాయ పచ్చడి కూడా పెట్టింది, సీసా మూత గట్టిగా లేదు, నిలువుగా

వస్తున్నాన్రా బాబూ అంటే వినడు. ఉంటాను.

నీ
బుజ్జి