మన సంఘం వార్షిక నివేదిక (2024-25): పెరటి కోళ్లు, మేకల పెంపకం

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి పనులు మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన మెట్ట గ్రామాల్లో సంఘం తరఫున జరిగిన పనుల వివరాలను మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఇక్కడ రాయడం లేదు.

ఈ ఏడాది పనుల్లో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది కార్తీక మాసంలో కోళ్లకు జరిపిన కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) టీకాల కార్యక్రమం. కార్తీకంలో చాలా ఇళ్లలో కోడిని కోయరు కనుక గూళ్లు నిండుగా ఉంటాయి. చలి తగ్గి ఎండలు ముదిరే రోజుల్లో తెగులు తిరగబడుతుంది కనుక దానికి ముందే టీకా పడాలి. ఈ రెండూ ఆలోచించే కార్యవర్గం నవంబరును ఎంచుకుంది. కోడి మూలన ముడుచుకుని కూర్చోవడం, ఆకుపచ్చగా పారడం, మెడ మెలి తిరగడం మొదలైన తరువాత చేయగలిగింది ఏమీ లేదని, ఒక గూటిలో మొదలైతే వారం తిరిగేసరికి వీధంతా ఖాళీ అవుతుందని మన ఇళ్లలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. అయినా ఇన్నేళ్లుగా టీకా వేయించుకున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయంటే దానికి కారణం అశ్రద్ధ ఒక్కటే కాదు.

టీకా ఖరీదైనది కాదు, చిక్కంతా సీసాతోనే. మందు సాధారణంగా వంద, రెండు వందలు, అయిదు వందల మోతాదుల సీసాల్లో వస్తుంది. ఒకసారి ద్రావణంలో కలిపితే మంచు మీదనే ఉంచి రెండు గంటల లోపల వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లు వంద కోళ్ల మందు కొనదు, కొన్నా నిలవ పెట్టుకోలేదు. ఇది ఏ ఇంటికా ఇల్లు చేసుకోగలిగిన పని కాదు. వీధి మొత్తం ఒకే సాయంత్రం సిద్ధంగా ఉంటేనే ఒక సీసా సద్వినియోగమవుతుంది. ఇంటి తిండి కోసం కోళ్లు పెంచుకునే వాళ్లకు సంఘం ఎందుకని అడిగే వారికి ఈ సీసాయే సమాధానమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పగలంతా పెరళ్లలో, గట్ల మీద తిరిగే కోడి చేతికి చిక్కదు కనుక పొద్దుగూకి కోళ్లు గూటికి చేరాక పని మొదలుపెట్టాం. వారం ముందే ఇంటింటికీ కడుపులో పురుగులు పోయే నట్టల మందు అందించాం. నలతగా ఉన్న కోళ్లకు టీకా వద్దని, వాటిని వేరుగా కట్టేయమని ముందే చెప్పాం. చిన్న కోడిపిల్లలకు లసోటా అనే టీకా చుక్కలు, ఎనిమిది వారాలు దాటిన వాటికి రెక్క దగ్గర చర్మం కిందికి ఆర్‌-టూ-బి అనే టీకా సూది వేశాం. ఈ రెండోది బలమైన మందు. పసి కోడిపిల్లలకు వేస్తే దానివల్లనే జబ్బు పడతాయి కనుక వయసు అడగకుండా ఎవ్వరికీ వేయలేదు. పిల్లను అరచేతిలో పట్టుకుని, తల పక్కకు వంచి, కంట్లో ఒక్క చుక్క వేసి, అది రెప్ప ఆర్పి చుక్కను లోపలికి తీసుకునేదాకా వదలకూడదు. ఆ కాస్త ఓపిక పట్టకపోతే చుక్క ఈకల మీదుగా జారిపోతుంది, మనం మాత్రం టీకా పడిందనే అనుకుంటాం. పొదుపు సంఘాల అక్కలు సెల్‌ఫోను వెలుతురులో, ఒకరు పిల్లను పట్టుకుంటే ఒకరు చుక్క వేస్తూ, ఒకరు గూటి తలుపు దగ్గర కాపు కాస్తూ చేసిన ఆ పని చూసిన వారెవ్వరూ మరిచిపోరు. ఇన్ని ఊళ్లలో, ఇన్ని వీధుల్లో ఒకే వారంలో టీకాలు పూర్తి చేయడం మన సంఘం చరిత్రలో ఇదే మొదటిసారి. ఆ తరువాత వచ్చిన వేసవి మొదట్లో టీకా పడిన వీధుల్లో తెగులు కనిపించలేదని సభ్యులు చెబుతుంటే కలిగిన సంతోషాన్ని ఇక్కడ నమోదు చేయడం నా బాధ్యత.

ఇందుకు సహకరించిన వారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. మందు సీసాలను తమ ఫ్రిజ్‌లో భద్రపరచిన పాఠశాల ప్రధానోపాధ్యాయుల వారికి, అడిగిన ప్రతి సాయంత్రం ఐసు ఇచ్చి డబ్బు పుచ్చుకోని చేపల వ్యాపారికి, సెలవు రోజుల్లో కూడా వచ్చి సూది పట్టడం నేర్పిన పశుసంవర్ధక సహాయకులకు, ముందు రోజు చాటింపు వేయించిన పంచాయతీ సిబ్బందికి, రాత్రి పొద్దుపోయినా టీ కాచి ఇచ్చిన వీధుల వారికి సంఘం రుణపడి ఉంది.

ఇక్కడే ఒక మాట బాధతో రాయవలసి వస్తోంది. గత సమావేశంలో వీధికి ఇద్దరు చొప్పున స్వచ్ఛంద కార్యకర్తల పేర్లు మినిట్స్‌లో రాసుకున్నాం, చప్పట్లు కూడా కొట్టాం. టీకాల వారంలో వారిలో చాలామంది కనబడలేదు. ఒకరికి పెళ్లి, ఒకరికి కోత, ఒకరి ఫోను మోగుతూనే ఉండిపోయింది. భారమంతా ఆ కొద్దిమంది ఆడవాళ్ల మీదనే పడింది. పేరు ఇవ్వడం సులువే. రాలేనప్పుడు ఒక రోజు ముందు చెబితే వేరొకరిని పెట్టుకునే వీలుంటుంది. అధికారుల విషయంలోనూ అదే అనుభవం. ఫలానా తేదీకి ఇన్ని సీసాలు కావాలని వ్రాతపూర్వకంగా అర్జీ పెట్టినా జవాబు రాలేదు, కొన్ని సీసాలను సంఘం సొమ్ముతోనే బజారులో కొనవలసి వచ్చింది.

కోడిపిల్లల సరఫరా గురించి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన గ్రామప్రియ, వనరాజా పిల్లలను ఈసారి కూడా తెప్పించి సభ్యులకు ఇచ్చాం. నాటు పెట్టకన్నా ఇవి రెట్టింపుకు పైగా గుడ్లు పెడతాయి, కానీ పొదగవు. అందుచేత గుడ్డు కోసం ఇవి, పొదగడం కోసం ఒకటి రెండు నాటు పెట్టలు అన్న పద్ధతినే సభ్యులందరికీ సూచిస్తున్నాం. సరఫరాదారు ఒక విడత పిల్లలను చెప్పిన వారానికి పంపక, వానల్లో, ఒక రోజు వయసు పిల్లలుగా పంపడంతో చాలా నష్టం జరిగింది. మొదటి వారం గూడులో 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తరువాత వారం వారం కొంచెం కొంచెం తగ్గించాలి. తల్లి రెక్క లేని పిల్లకు ఆ వేడి బల్బుతోనో బొగ్గుల కుంపటితోనో ఇవ్వాలి, కరెంటు పోయిన రాత్రి ఎవరు మెలకువగా ఉంటారు? వచ్చే ఏడాది నుంచి ఆరు వారాలు పెంచిన పిల్లలనే తీసుకోవాలని, అవసరమైతే ఇద్దరు ముగ్గురు సభ్యుల ఇళ్లలో పిల్లల పెంపకం కేంద్రాలు పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోను, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోను కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు మన పెరళ్లలోనూ భయం అలుముకుంది. వ్యాధి కనిపించిన చోటికి కిలోమీటరు లోపలి కోళ్లను తొలగించడం, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టడం నిబంధన. మన ఊళ్లు ఆ పరిధిలో లేకపోయినా, గూడు నుంచి గూటికి తిరిగే మన చెప్పులే వ్యాధిని మోయగలవు కనుక ఆ నెలలో వేయవలసిన రెండో విడత టీకాలను వాయిదా వేశాం. సంత కోళ్లు ఇంటికి తేవద్దని, చచ్చిన కోడిని కాలువలో పారేయకుండా సున్నం వేసి లోతుగా పూడ్చమని, గుడ్డును, మాంసాన్ని బాగా ఉడికించి నిస్సందేహంగా తినవచ్చని ఇంటింటికీ చెప్పాం. వాయిదాను తప్పుబట్టిన సభ్యులున్నారు. ఆ నిర్ణయం సరైనదేనని నేను ఇప్పటికీ అంటాను.

మేకలు, గొర్రెల విషయంలో పని కొంత తక్కువగా జరిగింది. వానలకు ముందు చిటుకు రోగం టీకాలు, పీపీఆర్ (పారుడు రోగం) టీకాలు పశుసంవర్ధక శాఖ సహకారంతో వేయించాం. కంచెలకు అవిశ, సుబాబుల్ మొక్కలు పంచాం. మేతగా వేసే అజొల్లా అనే నీటి మొక్కను పెంచే గుంటలు నీడ ఉన్న పెరళ్లలో మాత్రమే ఎండలకు నిలిచాయి.

సంక్రాంతి పందేల కోసం పుంజులు పెంచే వారు కొందరు సంఘం మందులు, దాణా అడిగారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉండనే ఉంది, అది అటుంచినా మన సంఘం ఏర్పడింది పళ్లెంలోకి గుడ్డు రావడానికే కనుక నిరాకరించాం.

ఆ పళ్లెం సంగతే ఈ నివేదికలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం. నాటు గుడ్డుకు పట్నంలో మంచి ధర వస్తోంది. ఆ కారణంగా గుడ్లు పెరిగిన ఇళ్లలో కూడా బుట్ట నేరుగా సంతకు వెళ్లిపోతోంది, ఇంట్లో పిల్లలకు, బాలింతలకు మిగలడం లేదు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. పప్పు ధర ఇలా ఉన్న రోజుల్లో పేద ఇంటికి అది చిన్న విషయం కాదు. అమ్మకం తప్పని మేము అనడం లేదు, ఉప్పు, నూనె ఆ డబ్బుతోనే వస్తాయి. కానీ ముందు ఇంటి పిల్లల వాటా తీసి పక్కన పెట్టి మిగిలినవి అమ్మాలన్న నియమాన్ని సభ్యత్వ షరతుల్లో చేర్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సభ దీన్ని చర్చించి నిర్ణయించాలి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు ఆడిటరు సంతకంతో విడిగా పంచారు. సభ్యత్వ రుసుము బకాయిలున్న వారు ఈ రోజే చెల్లించి రసీదు తీసుకోవలసిందిగా మనవి. ఖర్చులో ఎక్కువ భాగం మందులకు, ఐసు పెట్టెలకు, రవాణాకు అయింది. పెరటి పెంపకం రాయితీల కోసం పంపిన దరఖాస్తులు ఇంకా పరిశీలనలోనే ఉన్నాయి.

వాయిదా పడిన రెండో విడత టీకాలను వర్షాలు పడకముందే పూర్తి చేయాలి. అందుకు ఈ సమావేశంలోనే వీధుల వారీగా పేర్లు తీసుకుంటాం. రాగలిగిన వారు మాత్రమే పేరు ఇవ్వవలసిందిగా కోరుతూ, ఈ నివేదికను సభ ఆమోదానికి సమర్పిస్తున్నాను.

ఇట్లు,
కార్యదర్శి