చర్చి నీతిబోధకు బలం ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

సమాజానికి నీతి నియమాలు చెప్పే అధికారం చర్చిలకు ఉందా అన్న చర్చ చాలాసార్లు అసలు విషయాన్ని వదిలేస్తోంది. తమకు తప్పని తోచినదాన్ని తప్పని చెప్పే హక్కు పౌరులందరికీ ఉన్నట్టే విశ్వాసుల సంఘాలకూ ఉంది. ఆ మాటను బయటివారు ఎందుకు మన్నించాలన్నదే ప్రశ్న. సంఘం ముందుగా తన సభ్యులను సరిదిద్దుకున్నప్పుడే ఆ మన్నన దక్కుతుందని నా దృఢాభిప్రాయం.

అమెరికాలో క్వేకర్లు అనే క్రైస్తవ సంఘం వారి చరిత్రే ఇందుకు సాక్ష్యం. బానిసత్వం అన్యాయమని పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌కు చెందిన నలుగురు 1688లోనే తమ సంఘానికి రాతపూర్వకంగా విన్నవించారు. సంఘ పెద్దలు దానిపై ఏ నిర్ణయమూ తీసుకోలేదు. సభ్యుల్లోనే బానిసల యజమానులు ఉన్న రోజులవి. ఆ తర్వాత తరాల తరబడి వాదోపవాదాలు సాగాయి, యజమానులైన సభ్యుల ఇళ్లకు వెళ్లి నచ్చజెప్పే ప్రయత్నాలు జరిగాయి, చివరకు 1776లో ఫిలడెల్ఫియా వార్షిక సభ తన సభ్యులెవరూ బానిసలను ఉంచుకోరాదని శాసించింది. ఇంత ఆలస్యం బాధాకరమే. అయినా, బానిస వ్యాపారాన్ని అరికట్టాలని 1790లో అమెరికా కాంగ్రెస్‌కు క్వేకర్లు అర్జీ పెట్టుకున్నప్పుడు, తాము పాటించనిది ఇతరులకు చెబుతున్నారన్న నింద వారికి అంటలేదు. అదే దేశంలో బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చా అన్న వివాదంతో విడిపోయి 1845లో ఏర్పడిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అనే చర్చిల సమాఖ్య, బానిసత్వాన్ని సమర్థించినందుకు 1995లో గానీ క్షమాపణ చెప్పలేదు.

చట్టం చేయిస్తే నీతి నిలబడుతుందన్న నమ్మకమూ సరికాదు. తాగుడు వల్ల చితికిన కుటుంబాల పట్ల నిజమైన ఆవేదనతోనే అనేక ప్రొటెస్టెంట్ చర్చిలు అమెరికాలో మద్యనిషేధానికి ఉద్యమించాయి. 1920లో అమల్లోకి వచ్చిన ఆ నిషేధం దొంగ సారాకూ ముఠాలకూ ఊతమై 1933లో రద్దయింది.

ఇక నన్ను అన్నిటికంటే కలచివేసేది, పిల్లలపై లైంగిక అత్యాచారాలకు పాల్పడిన మతాధికారులను పలు దేశాల్లో పోలీసులకు అప్పగించకుండా మరో చోటికి బదిలీ చేసి కాపాడిన తీరు. అణకువ, పవిత్రత గురించి బోధించిన వ్యవస్థలోనే ఇది జరిగింది. బాధితులు నోరు విప్పడానికి ఏళ్లు పట్టింది. కొందరిని అప్పటికీ నమ్మలేదు.

అందుచేత, సమాజ నైతికతపై ప్రకటనలు చేసే ప్రతి చర్చీ తన పరిధిలో వచ్చిన ఫిర్యాదులెన్ని, వాటిలో పోలీసులకు చేరినవెన్ని అన్నది బాధితుల వివరాలు గోప్యంగా ఉంచుతూ ఏటా బహిరంగపరచాలని, ఆ విచారణలో సంఘానికి చెందని వ్యక్తులకూ చోటివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు