గంధపు నూనె పేరుతో మీరు పంపిన రెండు సీసాల గురించి

రాజమహేంద్రవరం,
2025 అక్టోబర్ 14.

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: ఆగస్టు 30న ఆర్డరు చేసిన గంధపు నూనె (10 మి.లీ. సీసాలు రెండు, మొత్తం రూ. 4,900) కల్తీది కావడం, సెప్టెంబర్ 21న చేసిన ఫిర్యాదుకు సరైన జవాబు రాకపోవడం.

అయ్యా,

మా పెరట్లో పారిజాతం చెట్టు ఉంది. ఏటా శరదృతువులో ఆ పూలతో ఇంట్లోనే మైనపు అత్తరు చేసి, చిన్న డబ్బాల్లో పోసి, దసరాకు బంధువులకూ ఇరుగుపొరుగుకూ ఇస్తాను. అమ్మను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మీ సిబ్బంది ఫోనులో నన్ను "మీరు టోకు వ్యాపారులా?" అని రెండుసార్లు అడిగారు. ఇంట్లో వాడుకునేవాళ్లకైతే కల్తీ సరుకు పంపవచ్చని వారి ఉద్దేశమో ఏమో నాకు అర్థం కాలేదు.

పారిజాతం రాత్రి పూసి తెల్లవారేసరికి రాలిపోతుంది. ఎండ తగిలితే వడలిపోతుంది. నీళ్లలో మరిగిస్తే ఉడికిన ఆకుకూర వాసన తప్ప ఏమీ మిగలదు; ఆ ప్రయత్నం ఒక ఏడాది చేసి మానుకున్నాను. అందుకని చెట్టు కింద పాత పంచె పరిచి, తెల్లవారుజామున ఐదింటికే పూలు ఏరి, మంచు తడి ఆరేదాకా నీడన ఉంచి, వాసన తీసిన కొబ్బరినూనెలో వేస్తాను. తడి మిగిలితే నూనె కనరు వాసన వేస్తుంది. సాయంత్రం ఆ పూలు తీసేసి, మర్నాడు కొత్త పూలు వేయాలి. సెప్టెంబర్ 8 నుంచి 19 వరకు పన్నెండు రోజులు ఇదే పని.

ఇంత చేసినా ఆ వాసన ఒంటరిగా నిలవదు. దాన్ని పట్టి ఉంచడానికి కింద గంధం ఉండాలి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్లు డేగ్ అనే రాగి పాత్ర‌లో పూలను మరిగించి, ఆవిరిని వెదురు గొట్టం గుండా భప్కా అనే మరో పాత్రలోని గంధపు నూనెలోకి పంపేది కూడా ఇందుకే. మీ సీసా మీద "నూటికి నూరుపాళ్లు స్వచ్ఛమైన గంధపు నూనె" అని రాసి ఉంటే నమ్మాను. ధర కూడా నమ్మేలాగే ఉంది.

సెప్టెంబర్ 20 రాత్రి 50 గ్రాముల తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెపై కరిగించి, 150 గ్రాముల పారిజాతపు నూనె కలిపి, కొంచెం చల్లారాక మీ నూనె 8 మి.లీ. పోశాను. అసలైన గంధపు నూనె కొబ్బరినూనెలో ఇట్టే కలిసిపోతుంది. మీది గిన్నె అడుగున బుడగలుగా తిరుగుతూ ఉండిపోయింది. ఎంత కలిపినా అంతే. తెల్లవారి చూస్తే ఇరవై డబ్బాల్లోనూ మైనం మీద చెమట పట్టినట్టు బిందువులు. మా అత్తగారు ఒక డబ్బా మూత తీసి, "ఇది గంధం కాదమ్మా, అగరొత్తుల డబ్బా వాసన" అన్నారు. ఆమె అరవై ఏళ్లుగా సాన మీద గంధం తీస్తున్న మనిషి.

అయినా వాసనను సాక్ష్యంగా చూపడం లేదు. గీతలున్న సన్నని గాజు గొట్టంలో మీ సీసాలో మిగిలిన 2 మి.లీ. పోసి, దానికి 2 మి.లీ. నీళ్లు చేర్చి, బాగా కుదిపి, ఒక పూట కదపకుండా ఉంచాను. గంధపు నూనె నీటిలో కలవదు, నీటికంటే తేలిక కనుక పైన తేలుతుంది. అంటే పైన దాదాపు 2 మి.లీ. నూనె కనిపించాలి. అర మి.లీ. కూడా లేదు, మిగతాదంతా నీళ్లలో కలిసిపోయింది. నూనెలో కలవకుండా నీళ్లలో కలిసే పదార్థాన్ని గంధపు నూనె అని ఎలా అంటారో మీరే చెప్పాలి. పరిమళాలను పలుచన చేయడానికి వాడే డైప్రొపిలీన్ గ్లైకాల్ అయి ఉండవచ్చని నా అనుమానం. అవునో కాదో ప్రయోగశాల తేలుస్తుంది.

నా ఫిర్యాదుకు మీ తొలి జవాబు ఐదో రోజున వచ్చింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ జవాబులో "సువాసన వ్యక్తిగత అనుభూతి" అని, "మూత తీసిన సీసాలు వాపసు తీసుకోము" అని రాశారు. మూత తీయకుండా నూనె పరీక్షించే విద్య నాకు రాదు. దానికి మీరు జతచేసిన ప్రయోగశాల నివేదిక మీద ఒక బ్యాచ్ నంబరు ఉంది. నా సీసాల మీద ఏ నంబరూ లేదు. అది ఏ నూనె నివేదికో ఎలా తెలుస్తుంది? అందులో గంధానికి వాసననిచ్చే ముఖ్య పదార్థమైన శాంటలాల్ శాతం కూడా లేదు. గంధపు నూనెకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3518 ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలంటుంది. ఆ రెండు అంకెలు లేని నివేదిక నాకు ఎందుకు?

రెండు సీసాల ధర రూ. 4,900, రవాణా ఖర్చు రూ. 80, పాడైన మైనం, కొబ్బరినూనె, డబ్బాల ఖరీదు రూ. 1,160 తిరిగి ఇవ్వండి. పూలకు ధర కట్టలేదు, కట్టలేను కూడా. నాకు పంపిన బ్యాచ్ అసలు నివేదిక ఇవ్వండి. అది లేకపోతే సీసాల మీద "స్వచ్ఛమైన" అనే మాట తీసేయండి.

నెల గడువు అక్టోబర్ 21తో ముగుస్తుంది. అప్పటికీ జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. రెండో సీసాను సీలు తీయకుండా ఉంచింది కమిషన్ పరీక్షకు పంపమంటే ఇవ్వడానికే. కనుక దాన్ని వాపసు పంపమని అడగకండి.

చెమట పట్టిన ఇరవై డబ్బాలూ ఇంట్లోనే ఉన్నాయి. చూడాలనుకుంటే మీ ప్రతినిధిని పంపవచ్చు. ఉదయం ఏడు దాటాక రమ్మనండి, అంతకుముందు నేను చెట్టు కింద ఉంటాను.

ఇట్లు,
మీ వినియోగదారు

జతచేసినవి: బిల్లు నకలు, డబ్బాల ఫొటోలు, గాజు గొట్టం ఫొటో, మీ జవాబు నకలు.